‘మోక్షగుండం’ ఇంటిపేరు: ఏ ఊరిది, ఎటు వెళ్ళింది, ఇప్పుడు ఎంతమంది?

నాగసంద్ర (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు పక్క పల్లెటూరు, ఉద్యోగం బెంగళూరులో. ఇక్కడ ఎటు వెళ్ళినా విశ్వేశ్వరయ్య గారి పేరే. సెంట్రల్ కాలేజ్ దగ్గర మెట్రో స్టేషన్‌కి ఆయన పేరు, బయ్యప్పనహళ్ళి రైల్వే టెర్మినల్‌కి ఆయన పేరు, బెళగావిలోని సాంకేతిక విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే. అందరూ ‘సర్ ఎం.వి.’ అంటారు. ఆఫీసులో ఒకరోజు ఆ ‘ఎం’ ఏమిటన్న మాట వచ్చింది. ఒకరు మైసూరు అన్నారు. ఇంకొకరు ముద్దేనహళ్ళి, ఆయన పుట్టిన ఊరు కదా అన్నారు. అది మోక్షగుండం అని, తెలుగు ఇంటిపేరని నేను చెబితే చాలామంది అదే మొదటిసారి వినడం.

అప్పటి నుంచీ ఈ ఇంటిపేరు మీద మనసు పడింది. ఇంతవరకూ మోక్షగుండం ఇంటిపేరుతో నాకు ఎవరూ పరిచయం కాలేదు. ఈ పేరు ఎక్కడిది? ఊరా, గుడా, వృత్తా? వాళ్ళు తెలుగు దేశం నుంచి ఎప్పుడు వెళ్ళారు? ఇప్పుడు ఎంతమంది ఉండొచ్చు? తెలిసినవాళ్ళు దయచేసి రాయండి. ఊరికే వాట్సాప్‌లో తిరిగేది కాకుండా కాస్త ఆధారం ఉన్నదైతే సంతోషం.

కంభంచెరువు

నాగసంద్ర గారూ, మీరు ఒంగోలు వాళ్ళు కాబట్టి చెప్పడం తేలిక. మోక్షగుండం మన ఉమ్మడి ప్రకాశం జిల్లా ఊరే, మా వైపు ఊరే. బేస్తవారిపేట మండలంలో ఉంది. కంభం, గిద్దలూరు రోడ్డు మీద తిరిగే బస్సువాళ్ళకి బాగా తెలుసు. అక్కడ ముక్తేశ్వరుడి గుడి ఉంది. ‘గుండం’ అంటే మా వైపు నీటిమడుగు, కోనేరు. నల్లమల అంచున ఇలాంటి పేర్లు మామూలే. గుండ్లకమ్మ కూడా ఆ కొండల్లోనే పుట్టి కంభం మీదుగా కిందికి వస్తుంది.

విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులు ఆ ఊరి నుంచి మైసూరు సీమకు వెళ్ళారని ఆయన జీవితచరిత్రలన్నీ చెబుతాయి. మూడు వందల ఏళ్ళ కిందటి మాట అంటారు. తండ్రి మోక్షగుండం శ్రీనివాసశాస్త్రి, సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. ఊరు వదిలి ఎన్ని తరాలైనా ఇంటిపేరు మాత్రం వదల్లేదు.

ఒక్క మాట, ఇది మా ఊరి అభిమానం అనుకున్నా పర్వాలేదు. ఆసియాలో మనుషులు కట్టిన చాలా పాత చెరువుల్లో కంభం చెరువు ఒకటి. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. దేశానికి ఆనకట్టలు కట్టిన ఇంజనీరు ఇంటిపేరు ఆ చెరువు పక్క ఊరిది కావడం మాకు గర్వంగా ఉంటుంది.

ఖైరతాబాద్ ఇంజనీర్

నేను చదివిన పుస్తకాల్లో మోక్షగుండం కర్నూలు జిల్లా అని ఉంది. కంభంచెరువు గారు ప్రకాశం అంటున్నారు. ఒకే పేరుతో రెండు ఊళ్ళు ఉన్నాయా? కాస్త తేల్చండి.

మా హైదరాబాదుకీ ఆయన ఇంటి మనిషి లాంటివారే. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తాక నిజాం ప్రభుత్వం ఆయన్నే పిలిపించింది. ఆయన చెప్పిన పద్ధతిలోనే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఖైరతాబాద్‌లో మా ఇంజనీర్ల భవనానికీ ఆయన పేరే. కానీ ఇక్కడ కూడా అందరూ ‘మోక్షగుండం విశ్వేశ్వరయ్య’ అని ఒక్క ఊపులో అనేస్తారు తప్ప మొదటి మాట ఊరి పేరని ఆలోచించేవాళ్ళు తక్కువ.

కంభంచెరువు

రెండు ఊళ్ళు లేవు సార్, ఊరు ఒక్కటే. ఊరు అక్కడే ఉంది, జిల్లాలు మారాయి. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. మొదట ఒంగోలు జిల్లా అన్నారు, 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. గిద్దలూరు, మార్కాపురం వైపు భాగం అప్పటిదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. అంతకు ముందు, అంటే 1858కి ముందు, కంభం ప్రాంతం కడప జిల్లాలో ఉండేది. అంచేత 1950ల పుస్తకంలో కర్నూలు అని ఉన్నా, ఆ తర్వాతి పుస్తకంలో ప్రకాశం అని ఉన్నా రెండూ సరైనవే. పాత కాగితాలు వెతికేవాళ్ళు కడపని కూడా మర్చిపోకూడదు.

చిక్కబళ్ళాపుర

ఈ చర్చ చూసి చాలా సంతోషం వేసింది. నాది చిక్కబళ్ళాపురం. ముద్దేనహళ్ళి మాకు కూతవేటు దూరం. నంది కొండ కింద ఊరు. సర్ ఎం.వి. సమాధి, ఆయన ఇల్లు, మ్యూజియం అక్కడే. మాకూ జిల్లా మారింది చూడండి. 2007 దాకా మేము కోలారు జిల్లా, తర్వాత చిక్కబళ్ళాపుర జిల్లా. కాబట్టి ఆయన పుట్టింది కోలారు జిల్లా అన్నా, చిక్కబళ్ళాపుర అన్నా ఆ ఊరే.

ఇక్కడ తెలుగు ఎందుకుంది అని బయటివాళ్ళు అడుగుతూ ఉంటారు. బాగేపల్లి, గౌరిబిదనూరు, చింతామణి, శ్రీనివాసపుర, ఈ తాలూకాల్లో ఇళ్ళలో తెలుగు మాట, బడిలో కన్నడ రాత. మా వైపు యోగి కైవారం తాతయ్య తత్వాలు తెలుగులో పాడుకుంటారు, పాడేవాళ్ళలో చాలామందికి తెలుగు అక్షరం రాదు, కన్నడ లిపిలో రాసుకుంటారు. విశ్వేశ్వరయ్య గారి ఇల్లు కూడా అలాంటి తెలుగు ఇల్లే. 2011 జనగణనలో కర్ణాటకలో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు సుమారు 36 లక్షలు.

ఇప్పుడు ఆ ‘ఎం’ సంగతి. మా కర్ణాటకలో పేరు ముందు పొడి అక్షరాలు రెండు ఉంటే సాధారణంగా మొదటిది ఊరు, రెండోది తండ్రి. దొడ్డబళ్ళాపుర, దేవనహళ్ళి, మైసూరు, ఇలా ఏ ఊరిదైనా. అందుకే మీ ఆఫీసువాళ్ళు ముద్దేనహళ్ళి అనుకున్నారు, అది ఇక్కడి పద్ధతి ప్రకారం సహజమైన ఊహే. తెలుగు ఇళ్ళవాళ్ళు మాత్రం ఆ చోటులో ఇంటిపేరు పెట్టుకున్నారు. బయటికి ఒక్క అక్షరమే కనిపిస్తుంది కాబట్టి ఊరో ఇంటిపేరో ఎవరికీ తెలీదు. రెండు మూడు తరాలు పోతే ఇంట్లోవాళ్ళకే తెలియదు. మా బంధువుల్లోనే ‘బి’ అంటే ఏంటని అడిగితే బెంగళూరు అనే పిల్లలున్నారు. అది వాళ్ళ ఇంటిపేరు.

కావేరి తెలుగు

చిక్కబళ్ళాపుర గారు చెప్పినది చదివి ఆగలేక రాస్తున్నాను. మాది తిరుచ్చి. ఇంట్లో తెలుగే, మా తాతల నాటి నుంచీ. నా తెలుగులో అరవం కలిస్తే మన్నించండి.

కంభం చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు అంటున్నారు కదా, మా త్యాగరాజస్వామి ఇంటిపేరు చెప్పకుండా ఈ చర్చ ఎలా పూర్తవుతుంది? ఆయన కాకర్ల వారు. తండ్రి కాకర్ల రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో జీవితమంతా గడిపి 1847లో అక్కడే సమాధి అయ్యారు. కాకర్ల అనే ఊరు ఎక్కడుంది? ఉమ్మడి ప్రకాశం జిల్లా అర్ధవీడు మండలంలో. అది కూడా కంభం పక్కనే! త్యాగరాజస్వామిదీ, విశ్వేశ్వరయ్య గారిదీ ఒకే శాఖ, ములకనాటి బ్రాహ్మణులు. కంభానికి అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ళ పేర్లు, ఒకటి కావేరి ఒడ్డుకు పోయింది, ఇంకొకటి నంది కొండ కిందికి పోయింది. నాకు ఇది తెలిసినప్పుడు ఒళ్ళు పులకరించింది.

ఇక్కడ మా వైపు ఇంటిపేరు పరిస్థితి కర్ణాటక కన్నా కష్టం. అరవనాట పేరు ముందు అక్షరం తండ్రి పేరుది. ఊరికీ, ఇంటిపేరుకీ చోటే లేదు. బడిలో వేసేటప్పుడు ఇంటిపేరు అడిగేవాళ్ళే లేరు. పెళ్ళి మాటలప్పుడు, తద్దినాలప్పుడు పెద్దవాళ్ళ నోట వినపడితే వినపడినట్టు, లేకపోతే లేదు. 2011 లెక్కలో తమిళనాడులో తెలుగువాళ్ళం 42 లక్షలకు పైగా ఉన్నాం. అందులో ఎంతమందికి తమ ఇంటిపేరు తెలుసో!

రాతప్రతి

కావేరి తెలుగు గారూ, మీ తెలుగు చక్కగా ఉంది, మన్నింపులు ఎందుకు.

మీరు చెప్పిన ‘ములకనాడు’ దగ్గరే అసలు విషయం ఉంది. శాసనాల్లో ములికినాడు అనేది ఒక నాడు, అంటే పాతకాలపు పాలనా ప్రాంతం. కడప వైపు, గండికోట దాకా ఆ పేరు వినపడుతుంది. తెలుగు బ్రాహ్మణ శాఖల పేర్లు చాలావరకు ఇలాంటి నాడుల పేర్లే: వెలనాడు, వేగినాడు, ములికినాడు. అంటే మనిషి పేరులో పొరలున్నాయి. శాఖ పేరు ప్రాంతాన్ని చెబుతుంది, ఇంటిపేరు ఊరిని చెబుతుంది, గోత్రం ఋషిని చెబుతుంది. మూడూ కలిపి చూస్తేనే ఒక కుటుంబం జాడ కాస్త నమ్మకంగా దొరుకుతుంది.

ఇంటిపేర్లు ఎప్పటివి అనే దానికి మన కవుల పేర్లే చాలు. పదకొండో శతాబ్దంలో నన్నయ్యకు ఇంటిపేరు ఎవరూ చెప్పరు. పదమూడో శతాబ్దంలో తిక్కనకు వచ్చేసరికి ‘కొట్టరువు’ ఉంది, అది ధాన్యపు కొట్టారాల మీద ఉద్యోగం నుంచి వచ్చిందంటారు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రనకు ‘చదలవాడ’, అది ఊరి పేరు, నాగసంద్ర గారి ఒంగోలు వైపుదే. పోతనకు ‘బమ్మెర’, అదీ ఊరే, ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి దగ్గర. వృత్తి, ఊరు, బిరుదు, జంతువు, చెట్టు, అన్నీ ఇంటిపేర్లయ్యాయి. కానీ ఊరి పేర్లదే పెద్ద వాటా.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. ఊరి పేరు ఇంటిపేరు అయ్యేది ఊళ్ళో ఉన్నవాళ్ళకి కాదు, ఊరు వదిలినవాళ్ళకి. కాకర్లలో ఉన్నంతకాలం అందరూ కాకర్ల వాళ్ళే, ఆ మాటతో ఎవరినీ వేరు చేసి చెప్పలేరు. కొత్త ఊరికి వెళ్ళాక అక్కడివాళ్ళు ‘ఆ కాకర్ల వాళ్ళు’ అంటారు, అదే నిలిచిపోతుంది. అంచేత మోక్షగుండం ఇంటిపేరు వాళ్ళని వెతుక్కుంటూ మోక్షగుండం వెళితే లాభం లేదు. ఆ ఇంటిపేరు ఒక వలస జరిగిందనడానికి గుర్తు. వెతకాల్సింది వాళ్ళు చేరిన చోట.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిది ఇదే కథ. సర్వేపల్లి నెల్లూరు జిల్లా ఊరు. ఆయన పుట్టింది తిరుత్తణి వైపు. అరవదేశంలో, కలకత్తాలో, ఆక్స్‌ఫర్డ్‌లో కూడా ఆ ‘ఎస్’ ఆయన వెంట ఉంది.

కంభంచెరువు

రాతప్రతి గారి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఆ ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న గడప ఒక్కటి కూడా లేదు. నంద్యాలలో, ప్రొద్దుటూరులో మాత్రం ఉన్నారు. చిన్నప్పుడు ఇది నాకు వింతగా ఉండేది.

ఎందుకు వెళ్ళి ఉంటారు అనేది కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది. మా వైపు కరువు గురించి మాకు చెప్పక్కర్లేదు. కానీ కరువు ఒక్కటే అయితే ఇంత దూరం పోతారా?

రాతప్రతి

కరువు ఒక కారణం అయి ఉండొచ్చు. చదువుకున్న కుటుంబాలను లాగింది మాత్రం ఎక్కువగా ఆశ్రయం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరం కూలింది. పండితులకు, సంగీతకారులకు, లెక్కలు రాసేవాళ్ళకు దిక్కు దక్షిణాది నాయక రాజ్యాలే అయ్యాయి. తంజావూరు, మధుర నాయకులు తెలుగువాళ్ళు, వాళ్ళ కొలువులో తెలుగుకు పెద్ద పీట. తంజావూరు మరాఠాల చేతికి వెళ్ళాక కూడా తెలుగు సాహిత్యం, సంగీతం అక్కడ ఆగలేదు. త్యాగరాజు పుట్టిన కాలానికి కావేరి తీరంలో తెలుగు పాట పండిన భాష. ఇక కోలారు, చిక్కబళ్ళాపురం వైపు పాలెగాళ్ళు, అగ్రహారాలు, గుళ్ళు ఉన్నాయి, మాట్లాడితే అర్థమయ్యే జనం ఉన్నారు. చదువే ఆస్తిగా ఉన్న కుటుంబం అలాంటి చోటు చూసుకునే వెళుతుంది.

ఇంకో సంగతి. పెన్న నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం మీదుగా వచ్చి, గండికోట లోయలోంచి కడప సీమకు వస్తుంది. మ్యాపు తీసి చూస్తే ములికినాడు, నంది కొండ మనం అనుకున్నంత వేరు వేరు లోకాలు కావు. ఇప్పటి రాష్ట్ర సరిహద్దులు చూసి ఆశ్చర్యపోతున్నాం కానీ ఆ రోజుల్లో వాళ్ళకి అది ఒకే దారిలో ఉన్న దేశం.

నాగసంద్ర

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. మరి నా చివరి ప్రశ్న అలాగే ఉంది. ఇప్పుడు ఈ ఇంటిపేరు వాళ్ళు ఎంతమంది? ఇంటర్నెట్‌లో కొన్ని సైట్లు ‘ఈ ఇంటిపేరు ప్రపంచంలో ఇంతమందికి ఉంది, ఫలానా దేశంలో ఎక్కువ’ అని అంకెలు ఇస్తున్నాయి. వాటిని నమ్మొచ్చా?

ఇంకొకటి, నిమ్స్ తొలి డైరెక్టర్ కాకర్ల సుబ్బారావు గారు కూడా త్యాగరాజస్వామి వంశమేనా?

డాలస్ పడమర

అంకెల సంగతి నేను చెబుతాను, డేటా పనే నాది.

ఆ సైట్లు ఎక్కడో దొరికిన ఓటర్ల జాబితాలు, ఫోన్ పుస్తకాలు, ఆన్‌లైన్ ఖాతాలు పోగేసి, జనాభాకి గుణించి అంచనా కడతాయి. మామూలు ఇంటిపేర్లకి ఫర్వాలేదు. అరుదైన పేర్లకి, అందులోనూ తెలుగు పేర్లకి అది పనికిరాదు. కారణాలు పైన అందరూ చెప్పేశారు. కర్ణాటక ఓటర్ల జాబితాలో మోక్షగుండం కుటుంబం ‘ఎం.’ అనే చుక్క వెనక దాక్కుంటుంది. తమిళనాడులో ఆ చుక్క కూడా వాళ్ళది కాదు, తండ్రిది. ఆంధ్రలో ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి, మొదటి మాటని సొంత పేరనుకుని చివరి మాటని ఇంటిపేరుగా లెక్క వేసే ప్రోగ్రాములున్నాయి. ఆ లెక్కన రావు, రెడ్డి, కుమార్ కోట్లలో కనపడతారు, అసలు ఇంటిపేర్లు మాయం.

స్పెల్లింగ్ ఒక గొడవ. మోక్షలో ‘క్ష’ని కేఎస్‌హెచ్ అని రాసేవాళ్ళు, కేఎస్ అని రాసేవాళ్ళు, ఎక్స్ పెట్టేవాళ్ళు, చివర ఏఎం, యూఎం. కంప్యూటర్‌కి అవన్నీ వేరు వేరు ఇళ్ళు.

అమెరికాలో అయితే జనగణన శాఖ ఇంటిపేర్ల జాబితా విడుదల చేస్తుంది. 2010 జాబితాలో లక్షా అరవై రెండు వేలకు పైగా ఇంటిపేర్లున్నాయి. కానీ దేశం మొత్తం మీద 100 మందికి తక్కువ ఉన్న పేరు అందులోకి ఎక్కదు. మన అరుదైన పేర్లు ఆ గీత కిందే ఉండిపోతాయి. పైగా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి వచ్చినవాళ్ళకి ఇక్కడ వీసాలో సొంత పేరే ఇంటిపేరైపోయి, ముందు పేరు చోట ‘మొదటి పేరు తెలియదు’ అనే అర్థంలో ఎఫ్‌ఎన్‌యూ అనే మూడక్షరాలు పడతాయి. వాళ్ళ పిల్లలకి తండ్రి సొంత పేరే ఇంటిపేరుగా స్థిరపడుతోంది. ఒకే తల్లి బిడ్డలకి, అన్నకొకటి తమ్ముడికొకటి ఇంటిపేర్లున్న ఇళ్ళు ఇక్కడ ఎన్నో. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. మూడు వందల ఏళ్ళు ఎడ్లబళ్ళ మీద ప్రయాణించి నిలిచిన పేరు ఒక ఫారంలో గడి దగ్గర పోతోంది.

ఇండియాలో జనగణనవాళ్ళు ఇంటిపేర్ల వారీ పట్టిక ఏదీ వేయరు. మనం చెప్పిన వివరాలు 1948 జనగణన చట్టం కింద రహస్యం, ఎవరూ తీసి చూడటానికి లేదు. కాబట్టి ఎవరు ఏ అంకె చెప్పినా అది అంచనాయే.

ఖైరతాబాద్ ఇంజనీర్

కాకర్ల సుబ్బారావు గారి గురించి: ఆయనది కృష్ణా జిల్లా పెదముత్తేవి. వేరే ప్రాంతం, వేరే సామాజిక వర్గం. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన వంశం ఒకటి కానక్కర్లేదు. ఒకే ఊరి నుంచి బయల్దేరిన నాలుగు కులాలవాళ్ళు ఆ ఊరి పేరే పెట్టుకోవచ్చు. ఒకే పేరున్న వేరే వేరే ఊళ్ళ నుంచీ రావచ్చు. మనకి ‘పల్లి’, ‘పాడు’, ‘పూడి’, ‘కూరు’ తో ముగిసే ఊళ్ళు ఎన్ని లేవు?

ఆ లెక్కన చూస్తే మోక్షగుండం లాంటి పేరు పరిశోధకుడికి వరం. ఆ పేరు అంత అరుదు కాబట్టి, ఎవరికైనా ఆ ఇంటిపేరు ఉందంటే మొదట చూడాల్సింది ఆ ఒక్క ఊరివైపే.

లెక్కల మాస్టారు

ఇంటిపేర్లు కొన్ని ఎందుకు పెరుగుతాయి, కొన్ని ఎందుకు ఆరిపోతాయి అనే దానికి చక్కని లెక్క ఉంది. 1873లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ ప్రశ్న పత్రికలో వేశాడు. పెద్ద పెద్ద వంశాల పేర్లు ఎందుకు అంతరిస్తున్నాయి అని. వాట్సన్ అనే గణితవేత్తతో కలిసి 1874లో దాని మీద వ్యాసం రాశాడు.

పిల్లలకి చెప్పినట్టు చెబుతాను. ఒక ఇంటిపేరు ఒక్క మనిషితో మొదలైందనుకోండి. ఈ లెక్కలో పేరు కొడుకుల ద్వారానే సాగుతుంది. ప్రతివాడికీ కొడుకులు లేకపోయే అవకాశం నాలుగో వంతు, ఒక్క కొడుకు ఉండే అవకాశం నాలుగో వంతు, ఇద్దరు ఉండే అవకాశం సగం అనుకుందాం. సగటున 1.25 కొడుకులు. అంటే మొత్తం మీద వంశాలు పెరుగుతున్నాయి. అయినా సరే, ఆ ఒక్క మనిషి ఇంటిపేరు ఎప్పటికో ఒకప్పటికి ఆగిపోయే అవకాశం ఎంతో తెలుసా? సరిగ్గా సగం. ఆగిపోయే అవకాశాన్ని ‘క’ అనుకుంటే, క = 1/4 + క/4 + క²/2. దాన్ని సాధిస్తే 1/2 వస్తుంది, కాగితం మీద చేసి చూడండి. సగటు కొడుకుల సంఖ్య ఒకటికి మించకపోతే పరిస్థితి ఇంకా కష్టం. అప్పుడు ఆగిపోవడం దాదాపు ఖాయం. ఎప్పుడన్నదే తేడా.

అదే అయిదుగురు అన్నదమ్ములు ఒకేసారి ఊరు విడిచి అయిదు చోట్లకి పోయి అదే ఇంటిపేరు పెట్టుకున్నారనుకోండి, అందరి శాఖలూ ఆరిపోయే అవకాశం ముప్పై రెండింట ఒకటి మాత్రమే. అందుకే ఒకే కుటుంబం వలస నుంచి పుట్టిన పేర్లు అరుదుగా ఉంటాయి, చాలా కుటుంబాలు పంచుకున్న పేర్లు నిలుస్తాయి.

కొరియాలో చూడండి. 2015 జనగణనలో కిమ్ ఇంటిపేరు వాళ్ళే కోటికి పైగా, జనాభాలో ఐదో వంతు. అంతమందిని విడదీయడానికి వాళ్ళు మూలం ఊరి పేరు కలుపుతారు, ‘గిమ్‌హే కిమ్’ అంటే గిమ్‌హే ఊరి నుంచి వచ్చిన కిమ్‌లు. వాళ్ళ ప్రభుత్వం దాన్ని కూడా లెక్కపెడుతుంది. మనకి ఊరి పేరే ఇంటిపేరు అయి కూర్చుంది, కానీ లెక్కపెట్టేవాళ్ళు లేరు.

కావేరి తెలుగు

మాస్టారు గారూ, లెక్క అర్థమైంది. కానీ ఆ లెక్కలో నేను లేను కదండీ.

మా అమ్మ పుట్టింటికి అమ్మ, పెద్దమ్మ, పిన్ని, ముగ్గురూ ఆడపిల్లలే. తాతగారితో ఆ ఇంటిపేరు ఆగిపోయింది. అమ్మకి ఆ పేరంటే ప్రాణం. మాకు పాట నేర్పేటప్పుడు ‘ఇది మా ఇంటి పాఠం’ అని ఆ ఇంటిపేరుతోనే చెప్పేది. ఆ పాఠం నాకొచ్చింది, నా కూతురికి వచ్చింది. పేరు రాలేదు. కాబట్టి ఒక ఇంటిపేరు ‘అంతరించింది’ అని రాసేటప్పుడు ఆడపిల్లల వైపు కూడా అడగండి. వాళ్ళకి గుర్తుంటుంది. పెళ్ళిపత్రికలు, పాత ఉత్తరాలు, అత్తవారింటికి తెచ్చుకున్న ఇత్తడి బిందెల మీద చెక్కించిన పేర్లు, ఇవన్నీ వాళ్ళ దగ్గరే ఉంటాయి. మా ఇంట్లో ఒక బిందె మీద తెలుగు అక్షరాల్లో ఇంటిపేరు, దాని కింద తమిళ అంకెల్లో తూకం ఉన్నాయి. తాతగారి ఇంటిపేరు పూర్తిగా రాసి ఉన్న వస్తువు నా దగ్గర అదొక్కటే.

లెక్కల మాస్టారు

అమ్మా, మీరు చెప్పినది ఆ లెక్కలో లేని విషయమే, అది చాలా ముఖ్యం. మన దగ్గర దత్తత, ఇల్లరికం కూడా ఆ లెక్కలో లేవు. కొడుకు లేని ఇంట్లో పేరు నిలపడానికే దత్తత చేసుకునేవారు. కాబట్టి ఇంటిపేరు సాగినంత మాత్రాన రక్తసంబంధం అదే సాగిందనీ చెప్పలేం, ఆగినంత మాత్రాన ఆ కుటుంబం లేదనీ చెప్పలేం.

చిక్కబళ్ళాపుర

బిందెల మాట నిజం. మా ఇంట్లో తెలుగు అక్షరాలు చూడాలంటే పాత ఇత్తడి సామానే దిక్కు. ఈ వారం అటక మీంచి దింపిస్తాను.

నాగసంద్ర

కావేరి తెలుగు గారూ, మీరు ఆ బిందె ఫొటో తీసి దాచండి, మీ తాతగారి ఇంటిపేరు, ఊరు తెలిస్తే వేరే చర్చ మొదలుపెట్టండి, నేను తప్పకుండా సాయం చేస్తాను.

రాతప్రతి గారూ, ఒక్క సహాయం. మోక్షగుండం నుంచి వలసల గురించి పాత కాగితాల్లో ఏమైనా దొరికే వీలుందా? సెలవుల్లో ఊరు వస్తాను. ఏ ఆఫీసుకు వెళ్ళాలి, ఏం అడగాలి చెబితే ప్రయత్నం చేస్తాను.

రాతప్రతి

తప్పకుండా. వరసగా చెబుతాను, కానీ ఓపిక పట్టాలి.

మొదట మెకంజీ కైఫియత్తులు. కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు 1800 తర్వాత దత్తమండలాల్లో ఊరూరూ తిరిగి కరణాల దగ్గర ఊరి చరిత్ర రాయించుకున్నారు. ఆయనకి కుడి భుజంగా పనిచేసిన కావలి సోదరులు ఏలూరు వాళ్ళు. ఊరు ఎవరు కట్టారు, గుడికి ఎవరు మాన్యం ఇచ్చారు, ఏ అగ్రహారం ఎవరిది, ఇవన్నీ అందులో ఉంటాయి. కంభం అప్పుడు కడప కింద ఉంది కాబట్టి కడప కైఫియత్తుల్లో వెతకాలి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాటిని అచ్చు వేయించింది, చదవడం కష్టం కాదు. ప్రకాశం సంపుటం అని అడిగితే మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

తర్వాత ఇనాం రిజిస్టర్లు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. మాన్యం భూమి ఉన్న ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, ఆ మాన్యం ఎవరు ఎందుకు ఇచ్చారు, ఎన్ని ఎకరాలు, ఊరివారీగా రాశారు. బ్రాహ్మణ కుటుంబం ఊరు వదిలినా కొన్నిచోట్ల మాన్యం పేరు వాళ్ళ మీదే ఉండిపోయేది, ‘మైసూరు సీమలో ఉన్నారు’ లాంటి రాత ఏదైనా దొరికితే అది బంగారం. మైసూరు సంస్థానంలో కూడా తర్వాత ఇలాంటి ఇనాం విచారణ జరిగింది, కాబట్టి ఇటు చివర చిక్కబళ్ళాపుర గారు కర్ణాటక దఫ్తరాల్లో ముద్దేనహళ్ళి పేరు మీద చూడగలిగితే రెండు కొసలూ కలిపే అవకాశం ఉంది.

మూడోది గయ. పిండప్రదానానికి వెళ్ళినవాళ్ళ పేర్లు, ఊళ్ళు పండాలు, అంటే అక్కడి పురోహితులు, తరతరాలుగా పుస్తకాల్లో రాసి ఉంచుతారు. యాత్రికుడు తన చేత్తో తన భాషలో రాసిన వరసలు కూడా ఉంటాయి. ఎవరైనా గయ వెళుతుంటే అక్కడ మాత్రం ఇనీషియల్ చెప్పకండి, ఇంటిపేరు, గోత్రం, పూర్వీకుల ఊరు మూడూ చెప్పి అడగండి.

ఒక జాగ్రత్త. జీవించి ఉన్న కుటుంబాల పేర్లు, అడ్రసులు ఇక్కడ ఎవరూ పెట్టవద్దు. పరిశోధన కావాలంటే వాళ్ళని విడిగా అడిగి, వాళ్ళు సరే అంటేనే.

చిక్కబళ్ళాపుర

ముద్దేనహళ్ళి వైపు నేను చూస్తాను సార్. మా చిన్నాన్న రెవెన్యూలో చేసి రిటైరయ్యారు, పాత కన్నడ మోడి (గొలుసుకట్టు) రాత చదవగలరు. అర్జీలో ఏం రాయాలో చెప్పండి.

రాతప్రతి

చాలా సంతోషం. మీ వైపు అర్జీలో కోలారు జిల్లా, చిక్కబళ్ళాపుర తాలూకా అని పాత పద్ధతిలో రాయండి. ఇనాం రకం తెలియకపోతే అన్ని రకాలూ అని రాయండి. నాగసంద్ర గారు ఇటు వైపు అర్జీలో ఊరి పేరు మోక్షగుండం అని రాసి, తాలూకా దగ్గర కంభం, గిద్దలూరు రెండూ పెట్టండి, జిల్లా దగ్గర కర్నూలు అని రాయండి. ప్రకాశం అని రాస్తే ‘రికార్డు లేదు’ అని వెనక్కి పంపించేస్తారు.